డెబియన్ లైను ఒక్కటి చేరిస్తే ఏమీ కాదా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ డీటీపీ సెంటర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉబుంటు, డెబియన్ అనే రెండు లినక్స్ ఆపరేటింగ్ సిస్టంల గురించి ఒక చిట్కా తిరుగుతోంది: "ఉబుంటులో కొత్త వెర్షన్ దొరక్కపోతే సోర్సెస్ లిస్టులో డెబియన్ లైను చేర్చండి. రెండూ డెబ్ ఫైళ్లే. ఎర్రర్ వస్తే ఫోర్స్ చేయండి."

సోర్సెస్ లిస్టంటే ప్రోగ్రాములు ఎక్కడి నుంచి దించుకోవాలో రాసి ఉండే జాబితా. రెండింటి ప్రోగ్రాములూ డెబ్ ఫైళ్లుగానే వస్తాయి, నిజమే. కానీ లోపలి ప్రోగ్రాం ఏ లైబ్రరీల (ప్రోగ్రాములు పంచుకునే కోడు) మీద కంపైల్ అయిందో చూడాలి. దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ. ఉబుంటు 22.04లో అది 2.35, డెబియన్ 12లో 2.36. కొత్తది కావాలన్న ప్యాకేజీని, డెబ్ ఫైళ్లను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ ఆపేస్తుంది. ఫోర్స్-డిపెండ్స్‌తో దాని నోరు నొక్కితే ఇన్‌స్టాల్ అయినట్టే కనిపిస్తుంది, తెరవబోతే జీలిబ్‌సీ 2.36 లేదంటూ ఆగిపోతుంది. ఆ తర్వాత ఏం వేయబోయినా, ప్యాకేజీలను దించి పెట్టే ఆప్ట్ "అన్‌మెట్ డిపెండెన్సీస్" (కావలసిన ఇతర ప్యాకేజీలు లేవు) అని మొరాయిస్తుంది.

"ఒక్క లైనే కదా" అన్నది ఇంకా ప్రమాదం. ఆప్ట్ మామూలుగా అన్ని రిపోజిటరీలకూ (ప్యాకేజీల నిల్వలకు) 500 ప్రాధాన్యమే ఇస్తుంది, వెర్షన్ నంబరు పెద్దదైతే దాన్నే తీసుకుంటుంది. తర్వాత అప్‌గ్రేడ్ కొడితే మీరు అడగని లైబ్రరీలు కూడా డెబియన్‌వి వచ్చి కూర్చుంటాయి. సంతకం తాళంచెవి లేదని ఆప్ట్ అడ్డుపడితే "ట్రస్టెడ్=యెస్" పెట్టమనేవాళ్లూ ఉన్నారు. అంటే ఫైలు ఎవరు పంపారో చూడొద్దని చెప్పడమే.

ఆప్ట్ సెట్టింగుల్లో పిన్ పెట్టి డెబియన్ ప్రాధాన్యం 100కి తగ్గిస్తే అప్‌గ్రేడ్‌లో డెబియన్‌వి రావడం ఆగుతుంది. కానీ ఒక్క ప్యాకేజీ అడిగినా దాని వెంట లిబ్‌సీ6 (జీలిబ్‌సీ ఉండే ప్యాకేజీ) రావచ్చు. అందుకే ముందు, ఏమీ వేయకుండా ఏమేం వస్తాయో చూపించే "ఆప్ట్ ఇన్‌స్టాల్ -ఎస్" కొట్టి జాబితా చదవండి. లిబ్‌సీ6 కనబడితే అక్కడే వదిలేయండి.

చిట్కా పనిచేసే చోటు ఒకటుంది: ఫాంట్లు. రెండు భాషల పెళ్లికార్డులకు కావలసిన లోహిత్ తెలుగు, ఒడియా ఫాంట్ల ప్యాకేజీల్లో కంపైల్ చేసిన కోడు ఉండదు, ఆర్కిటెక్చర్ "ఆల్" అని ఉంటుంది. వాటికీ రిపోజిటరీ లైను అక్కర్లేదు, ఆ డెబ్ ఫైలొక్కటి దించుకుంటే చాలు. అసలు చాలావరకు ఉబుంటులోనే ఉంటాయి.

డెబియన్ ప్రోగ్రామే కావాలంటే పాడ్‌మ్యాన్ మీద డిస్ట్రోబాక్స్‌తో డెబియన్ 12 కంటైనర్ (ఉబుంటు లోపలే విడిగా నడిచే డెబియన్) పెట్టుకోండి. పాడ్‌మ్యాన్ కంటైనర్లను నడిపేది, డిస్ట్రోబాక్స్ వాటిని తేలిగ్గా వాడుకోనిచ్చేది. దాని లైబ్రరీలు దానివే. హోం ఫోల్డరు మాత్రం ఉమ్మడి కాబట్టి, అదే ప్రోగ్రాం రెండు వెర్షన్లు వాడితే సెట్టింగులు కలగాపులగం కావచ్చు. కంటైనర్‌కు వేరే హోం ఇవ్వండి.

ఇప్పటికే కలిపేశారా? లైను తీసేసి ఆప్ట్ అప్‌డేట్ చేసి, "ఆప్ట్ లిస్ట్ --ఇన్‌స్టాల్డ్"లో పక్కన "లోకల్" (ఇప్పుడు ఏ రిపోజిటరీలోనూ దొరకనివి) అని ఉన్నవి చూడండి. రెండు మూడు చిన్నవైతే తీసేయవచ్చు. అందులో లిబ్‌సీ6 ఉంటే దాన్ని వెనక్కి దించే తంటా వద్దు. హోం ఫోల్డరు బ్యాకప్ తీసుకుని ఉబుంటు మళ్లీ వేయండి.