పొడి చెత్త కేంద్రం అంటే పెద్ద డస్ట్‌బిన్ కాదండీ

ఆదివారం పొద్దున్నే కారు డిక్కీ తీయడం, బిర్రుగా కట్టిన నల్ల కవరు మూట ఒకటి పొడి చెత్త కేంద్రం గేటు దగ్గర పెట్టడం, పక్కన నిలబడి ఫొటో దిగడం, ఇంటికెళ్లి దోశ తినడం. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ ఫొటోలు బాగా పెరిగాయి. సంతోషమే. కానీ ఆ మూట విప్పేటప్పుడు ఎవరూ ఫొటో తీయరు.

విప్పితే ఏముంటుంది? సగం తిన్న కర్రీ పాయింట్ డబ్బా. అందులోంచి కారిన సాంబారంతా పక్కనున్న న్యూస్‌పేపర్లు తాగేశాయి. వాటి కింద పగిలిన గ్లాసు. దాని కింద ముడి వేసిన కవర్లో ఇంకో కవరు, అందులో వాడేసిన డైపరు. సార్టింగ్ బల్ల దగ్గరున్న ఆవిడ చెయ్యి పెట్టేది దీంట్లోనే. సాంబారు తాగిన పేపర్లను ఏ మిల్లూ కొనదు. ఇంట్లో ఉన్నప్పుడు అవి డబ్బులొచ్చే సరుకు, మూటలోకి వెళ్లాక చెత్త. అంటే దాన్ని చెత్త చేసింది మనమే.

కేంద్రం ఎలా పని చేస్తుందో చెప్తా. హైదరాబాద్‌లో డీఆర్‌సీసీ అంటారు, బెంగళూరులో డీడబ్ల్యూసీసీ. 2023లో 'మేరీ లైఫ్, మేరా స్వచ్ఛ్ షహర్' అనే ప్రచారం కింద దేశమంతా తెరిచిన ఆర్‌ఆర్‌ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) సెంటర్లు పాత బట్టలు, పుస్తకాలు, బొమ్మల్లాంటివి తీసుకోవడానికి. పేరేదైనా పొడి చెత్త కేంద్రమంటే ఒక రేకుల షెడ్డు, ఒక బల్ల, ఒక కాటా, అదృష్టం బాగుంటే సరుకుని నొక్కి బేళ్లు కట్టే మెషిన్. వచ్చినదాన్ని చేత్తో రకాలుగా ఏరి, బేళ్లు కట్టి, లారీకి సరిపడా పోగయ్యాక రీసైక్లర్‌కి అమ్ముతారు. లారీ దింపుకునేటప్పుడు అతను చూసేవి రెండే: తడి ఎంత, కల్తీ ఎంత. కొంచెం తేడా ఉంటే రేటు కోస్తాడు, మరీ ఎక్కువైతే లారీ వెనక్కే.

"అమెరికాలో అన్నీ ఒకే డబ్బాలో వేస్తాం, వాళ్లే చూసుకుంటారు" అని డాలస్ నుంచి వచ్చిన చుట్టాలు చెబుతుంటారు. నిజమే. ఆ డబ్బా వెనక యంత్రాల వరసే ఉంటుంది: ఇనుముని లాగడానికి అయస్కాంతం, అల్యూమినియం డబ్బాల్ని ఎగరగొట్టడానికి ఎడ్డీ కరెంట్, ప్లాస్టిక్ రకం పట్టడానికి ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్. ఇంత చేసినా వాళ్లకీ కల్తీ గోల తప్పట్లేదు. మన షెడ్డులో ఈ మూడు పనులూ చేసేది ఒక మనిషి రెండు చేతులు.

కాబట్టి రీసైక్లింగ్ జరిగేది కేంద్రంలో కాదు, మీ సింకు దగ్గర. పొడి చెత్త అంటే పొడిగా ఉన్న చెత్త. అడుగున పెరుగు అంటుకున్న డబ్బా ఇంకా పొడి చెత్త కాలేదు. మంచినీళ్లు పారబోసి మిలమిలా తోమక్కర్లేదు, అంట్లు కడిగిన నీళ్లలో ఒక్కసారి తొలిపి బోర్లిస్తే చాలు. నూనె ప్యాకెట్ అయితే ముందు రాత్రంతా బాండీలోకి తలకిందులుగా వంచి పెట్టండి. మిగిలిన చెమ్చాడు నూనె మీకే వస్తుంది, ప్యాకెట్‌కి చీమలూ పట్టవు.

పాల ప్యాకెట్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ప్రతి ఇంట్లో రోజూ ఉండేది అదే, అందరూ తప్పు చేసేదీ అక్కడే. కత్తెరతో మూల కోస్తాం. ఆ చిన్న త్రికోణం ముక్క సింకులోకో, తడి చెత్తలోకో పోతుంది. అంత చిన్న ముక్కని బల్ల మీద ఎవరూ ఏరలేరు, అది మట్టిలోకో కాలవలోకో పోవాల్సిందే. మూలని పూర్తిగా కోయకండి. రెండు సెంటీమీటర్లు గాటు పెట్టి, ముక్క ప్యాకెట్‌కే వేలాడేలా వదిలేయండి. పాలు పోశాక పై అంచంతా చీల్చి, లోపల నీళ్లు పోసి ఊపి, తడి ప్యాకెట్‌ని సింకు పక్క టైల్‌కి అంటించండి. దానంతటదే అతుక్కుంటుంది, సాయంత్రానికి ఆరి రాలిపోతుంది. కడగకుండా పెడితే రెండో రోజుకి పులిసిన కంపు, నాలుగో రోజుకి పురుగులు. ఖాళీ అర లీటరు ప్యాకెట్ రెండు మూడు గ్రాములుంటుంది. కిలో కావాలంటే మూడు నాలుగు వందల ప్యాకెట్లు, అంటే రోజుకి రెండు కొనే ఇంట్లో సుమారు ఆర్నెల్ల సరుకు. కడిగి ఆరబెడితేనే అన్నాళ్లు దాచగలిగేది. ఇది ఎల్‌డీపీఈ అనే మంచి రకం ప్లాస్టిక్, శుభ్రంగా ఉంటే కొనేవాళ్లకి కొదవ లేదు.

ఇక డబ్బాలూ సీసాలూ. అడుగున త్రికోణం గుర్తు ఉంది కాబట్టి రీసైకిల్ అయిపోతుందనే భ్రమ చాలామందికి ఉంది. లోపలి అంకె అది ఏ ప్లాస్టిక్కో చెబుతుంది, అంతే. 1 అంటే పెట్, నీళ్ల బాటిల్. 2 అంటే హెచ్‌డీపీఈ, షాంపూ డబ్బా. 5 అంటే పీపీ, పార్సిల్ డబ్బా. 1, 2, 5కి, పాల కవర్ల 4కి గిరాకీ ఉంది. 3 పీవీసీ, 6 పాలిస్టైరిన్, 7 ఇతరాలు. వీటి గురించి ముందే అడిగి తీసుకెళ్లండి. అంకె అరిగిపోతే చిన్న ముక్క కోసి బకెట్ నీళ్లలో ముంచి వదలండి. తేలితే 2, 4, 5లో ఒకటి. మునిగితే పెట్, పీవీసీ లాంటివి. పెట్‌లో పీవీసీ కలిస్తే ఏమవుతుందంటే, పెట్ కరగడానికి 250 డిగ్రీల పైన వేడి కావాలి, ఆ వేడికి చాలా ముందే పీవీసీ మాడి ఆమ్లం వదులుతుంది. మొత్తం సరుకు పసుపు తిరిగి, నల్ల మచ్చలు పడుతుంది.

నీళ్ల బాటిల్‌ని మూత తీసి, ఖాళీ చేసి, కాలితో తొక్కి, మళ్లీ మూత పెట్టండి. గాలితో ఇస్తే బేలు సరిగ్గా రాదు. మూత విడిగా పడేస్తే అదెటో దొర్లిపోతుంది.

చిప్స్ ప్యాకెట్‌ని గుప్పిట్లో నలిపి వదలండి. మళ్లీ విచ్చుకుంటే అది పొరల ప్లాస్టిక్. ఉండలా ఉండిపోతే అల్యూమినియం ఫాయిల్. పొరల ప్లాస్టిక్‌ని విడదీసి రీసైకిల్ చేయడం మన దగ్గర దాదాపు జరగదు. సిమెంట్ బట్టీలకి ఇంధనంగా పంపుతారు, అదీ పొడిగా ఉంటేనే. కిలోకి 1500 కిలో కేలరీలు, అంతకు మించి మండే చెత్తని డంపింగ్ యార్డులో పూడ్చకూడదని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. కూర నీళ్లు కలిసిన చెత్త మండదు, హైదరాబాద్ జవహర్‌నగర్ లాంటి డంపింగ్ యార్డుకే పోతుంది.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది కంపోస్టబుల్ కవరుతో. 'నేను ప్లాస్టిక్ కాదు' అని అచ్చు వేసి అమ్ముతారు. చూడటానికి అచ్చం ప్లాస్టిక్ కవరే. పర్యావరణం మీద ప్రేమతో కొన్నవాళ్లే దాన్ని మడతపెట్టి పాల ప్యాకెట్లలో కలిపి తెస్తారు. అది ఎల్‌డీపీఈతో కలిసి కరగదు, తర్వాత తీసే పల్చటి ప్లాస్టిక్ ఫిల్ములో ఉండలు కట్టి, ఆ ఫిల్ము చిరిగిపోతుంది. అది పొడి చెత్త కాదు. పెద్ద కంపోస్ట్ ప్లాంటుకి వెళ్లాలి. మీ ఊళ్లో ఆ ప్లాంటు లేకపోతే కొనడమే దండగ, గుడ్డ సంచి పట్టుకెళ్లండి.

పేపర్లో న్యూస్‌పేపరు, నోటు పుస్తకాలు, అట్టపెట్టెలు మూడూ మూడు రకాలు, విడిగా కట్టండి. అట్టపెట్టెకి టేపు పీకి, మడత విప్పి పరచండి. పిజ్జా పెట్టెకి నూనె అంటని పై మూత చింపి ఇవ్వండి, అడుగు వద్దు. సూపర్ మార్కెట్ బిల్లు పేపరు కాదు, దానికి రసాయనం పూత. టీ తాగిన పేపర్ కప్పుకి లోపల ప్లాస్టిక్ పొర. జ్యూస్ పెట్టెలో అట్ట, పాలిథిన్, కొద్దిగా అల్యూమినియం ఉంటాయి. దాన్ని విడదీసే మిల్లులు వేరే, కాబట్టి తొలిపి, చెవులు విప్పి, చదును చేసి పేపర్లో కలపకుండా ఇవ్వండి.

గాజులో సీసాలే. కిటికీ అద్దం వద్దు. మైక్రోవేవ్ గిన్నె, పింగాణీ కప్పు ఒక్కటి పడినా చాలు, అవి సీసా గాజు కరిగే వేడికి కరగవు, కొత్త సీసాలో రాయిలా మిగిలిపోతాయి. పగిలింది ఏదైనా పేపర్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన 'గాజు' అని పెద్దగా రాయండి. రెండు నిమిషాల పని, అవతల ఒకరి వేళ్లు మిగులుతాయి.

బ్యాటరీల సంగతి వేరు. పాత ఫోను బ్యాటరీ, పవర్ బ్యాంక్, పిల్లల బొమ్మలోని లిథియం సెల్లు పొడి చెత్త సంచిలో వేస్తే బేళ్ల మెషిన్ కింద నలిగి అంటుకుంటాయి. షెడ్డు నిండా పేపరూ ప్లాస్టిక్కే, ఇక చెప్పేదేముంది. రెండు కొసలకీ సెల్లో టేపు అంటించి, విడి డబ్బాలో ఈ-వేస్ట్ తీసుకునే చోటే ఇవ్వండి. ఉబ్బిపోతే గుచ్చకండి, నొక్కకండి, ఇసుక పోసిన రేకు డబ్బాలో ఆరుబయట ఉంచి తీసుకెళ్లండి. ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది, కొన్నప్పటి అట్టలోనే పెట్టి ఇవ్వాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఘనవ్యర్థాల నిబంధనల్లో చెత్త నాలుగు రకాలు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. బల్బులు, రంగు డబ్బాలు, కాలం చెల్లిన మందులు ఈ నాలుగో రకంలోకి వస్తాయి.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని మాట ఒకటి. న్యూస్‌పేపరు, అట్టలు, ఇనుము, బీరు సీసాలు గుజిరీ కొట్టుకి అమ్ముకుని, అతను వద్దన్న చిప్స్ ప్యాకెట్లు, థర్మకోల్, తెగిన చెప్పులు మాత్రమే కేంద్రానికి పట్టుకెళ్తాం. మన డబ్బు మన ఇష్టం, కాదనను. కానీ ఆ షెడ్డులో జీతాలు వచ్చేది నీళ్ల బాటిళ్ల మీద, అట్టపెట్టెల మీద. విలువలేనిదే ఇస్తే ఆ షెడ్డు ఏడాది కూడా నిలబడదు. పది చిప్స్ ప్యాకెట్లు ఇచ్చేవాళ్లు రెండు అట్టపెట్టెలైనా ఇవ్వాలన్నది నా లెక్క.

తప్పంతా జనానిదే అని కూడా అనను. చాలా కేంద్రాల బయట ఏం తీసుకుంటారో, ఏం తీసుకోరో బోర్డు లేదు. ఉన్నా 'స్వచ్ఛత మన బాధ్యత' అని నాయకుల ఫొటోలతో ఉంటుంది. టైమింగులు ఉండవు. ఆఫీసులకి వెళ్లేవాళ్లు వచ్చేసరికి తాళం, అందుకే గేటు బయట మూటలు, తెల్లారేసరికి కుక్కలు చించిన చెత్త. ఇంట్లో మూడు రకాలుగా విడదీసి ఇచ్చిన సంచుల్ని కళ్లముందే ఒకే ఆటోలో కుమ్మరిస్తే, మర్నాటి నుంచి ఎవరు విడదీస్తారు?

అందుకే వెళ్లే ముందు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "పాల కవర్లు విడిగా కట్టి ఇవ్వాలా, గట్టి ప్లాస్టిక్‌తో కలపొచ్చా?" "విడిగా ఇవ్వండమ్మా, బాటిళ్లు కూడా కలపకండి" అంటే అక్కడ నిజంగా సార్టింగ్ జరుగుతోంది. ఉతికిన 26 కిలోల బియ్యం సంచులు మూడు పెట్టుకుని, ఒకటి నిండినప్పుడల్లా వెళ్లండి. "అన్నీ కలిపి పడేయండి సార్, మేం చూసుకుంటాం" అన్నారంటే, పెట్రోల్ దండగ. గుజిరీ కొట్టతన్ని పిలవండి.