ఐదు పిన్నుల సాకెట్ ఉన్న కీబోర్డును తుక్కుకు వేయకండి

నిన్న సాయంత్రం నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పాత సామాను బండి మీద ఒక మిడీ కీబోర్డు, అంటే కంప్యూటర్‌కు కలిపి సంగీతం వాయించే కీబోర్డు, కనిపించింది. విరిగిన కూలర్ రెక్కల కింద బోర్లా పడి ఉంది. బండి ఆపించి పైకి తీస్తే అట్టపెట్టెలా తేలికగా వచ్చేసింది. లోపల ఏమీ లేదు. "బోర్డులు పొద్దున్నే పీకి అమ్మినం సార్, ఇగ ప్లాస్టికే మిగిలింది" అన్నాడు బండి అబ్బాయి. వెనక వైపు 'మిడీ అవుట్' అన్న అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. వాటి కింద సాకెట్ ఉండాల్సిన చోట గుండ్రటి రంధ్రం ఉంది. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఒక చిన్న గదిలో జానపదాలు, బతుకమ్మ పాటలు రికార్డు చేస్తుంటాను. నా టేబుల్ మీద రోజూ పనిచేసే కీబోర్డు కూడా అలాంటి బండి ఎక్కాల్సిందే. మూడేళ్ల కింద మా వీధి చివర చర్చి వాళ్లు కొత్తది కొనుక్కుని దీన్ని అమ్మేస్తామంటే 800 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. 49 కీస్, ఎనిమిది నాబ్‌లు, తొమ్మిది స్లైడర్లు. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ షాపుకు మోసుకెళ్తే అక్కడాయన మూత కూడా విప్పలేదు. యూఎస్‌బీ కేబుల్ గుచ్చాడు, కంప్యూటర్ గుర్తుపట్టలేదు, అంతే. "బోర్డు పోయింది, ఔట్‌డేటెడ్ మోడల్, కొత్తది తీసుకోండి, ఈఎంఐ ఉంది" అన్నాడు.

బోర్డు పోలేదు. డ్రైవర్ పోయింది, అంటే కంప్యూటర్ కీబోర్డును గుర్తుపట్టడానికి కావాల్సిన చిన్న సాఫ్ట్‌వేర్. ఈ రెండింటికీ తేడా చెప్పకుండా మనుషుల చేత కొత్తవి కొనిపించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ కీబోర్డు డ్రైవర్ విండోస్ ఎక్స్‌పీ కాలంలో రాసింది, 32 బిట్‌ది. ఇప్పటి 64 బిట్ విండోస్ దాన్ని ఒప్పుకోదు. కంపెనీలు పాత మోడళ్లకు కొత్త డ్రైవర్ రాయడం మానేస్తాయి. వాయిద్యం మాత్రం బతికే ఉంటుంది.

ఎలా బతికి ఉంటుందంటే, వెనక ఆ ఐదు పిన్నుల సాకెట్ ఉంది కాబట్టి. 1983 జనవరిలో అమెరికాలో నామ్ షో అనే వాయిద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600, రోలాండ్ జూపిటర్-6 అనే రెండు సింథసైజర్లను ఒక తీగతో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకే భాష మాట్లాడటం అలా మొదలైంది. ఆ భాషే మిడీ. దానికోసం కష్టపడిన ప్రాఫెట్ తయారీదారు డేవ్ స్మిత్‌కు, రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకేహాషికి 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. 2020లో మిడీ 2.0 వచ్చినా పాత భాషను వదల్లేదు. 1983లో కీ నొక్కితే వెళ్లిన మూడు బైట్లే ఈరోజు నా కీబోర్డు నుంచి కూడా వెళ్తున్నాయి. దీన్ని ఔట్‌డేటెడ్ అని ఎలా అంటారు?

నేను చేసింది పెద్ద విద్యేమీ కాదు. కీబోర్డు యూఎస్‌బీని పూర్తిగా వదిలేశాను. ఐదు పిన్నుల సాకెట్ నుంచి, విడిగా డ్రైవర్ అడగని ఒక మిడీ ఇంటర్‌ఫేస్ (ఒక వైపు మిడీ, మరో వైపు యూఎస్‌బీ ఉండే చిన్న పరికరం) ద్వారా కంప్యూటర్‌కు కలిపాను. ఇప్పుడు కంప్యూటర్‌కు కనిపించేది ఇంటర్‌ఫేస్ మాత్రమే, దాని వెనక ఏ కాలపు కీబోర్డు ఉందో దానికి అక్కర్లేదు. యూఎస్‌బీ లేదు కాబట్టి కరెంటుకు నా కీబోర్డుకు 9 వోల్టుల అడాప్టర్ కావాలి. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. అడాప్టర్ పిన్ను లోపలి భాగం ప్లస్సా మైనస్సా అన్నది కీబోర్డు మీద చిన్న బొమ్మ వేసి ఉంటుంది, అది చూసి కొనాలి. తారుమారైతే బోర్డు నిజంగానే పోవచ్చు.

అన్నీ కుదిరాయనుకున్న వారానికి తిప్పర్తి వైపు నుంచి నలుగురు ఆడవాళ్లు బతుకమ్మ పాట పాడటానికి వచ్చారు. పాట కింద కీబోర్డు మీద మెల్లగా శ్రుతి పట్టుకుని కూర్చున్నాను. మధ్యలో ఒక్క కీ, వేలు ఆనించినంతలోనే, చెవులు పగిలేలా మోగింది. పెద్దావిడ పాట ఆపేసి "బిడ్డా, అదేంది గట్ల అరిచింది?" అన్నారు. ఆ టేకు పోయింది. ఆవిడ గొంతు ఆ రోజు మళ్లీ అంత బాగా కుదరలేదు. ఇప్పటికీ నాకు ఆ బాధ ఉంది.

రాత్రి స్క్రూలన్నీ విప్పాను. ప్రతి కీ కింద రబ్బరు పట్టీలో రెండు నల్లటి కార్బన్ బొడిపెలు ఉంటాయి. కీ దిగేటప్పుడు ముందు ఒకటి, తర్వాత రెండోది బోర్డును తాకుతాయి. ఆ రెండింటి మధ్య గడిచిన సమయాన్ని బట్టి ఎంత గట్టిగా కొట్టామో కీబోర్డు లెక్కేస్తుంది. మొదటి దాని కింద దుమ్ము ఉండి ఆలస్యంగా తగిలితే మధ్య సమయం తగ్గిపోతుంది. మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినట్టు లెక్క, నేరుగా 127. అదే ఆఖరి అంకె. మూత తీసి చూస్తే మన ఎర్ర దుబ్బ, బల్లి గుడ్ల పెంకులు, ఒక వెంట్రుకల పిన్ను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో బొడిపెలను, కింద గీతలను మెల్లగా తుడిచాను. గరుకు కాగితం పెట్టి రుద్దితే కార్బన్ పొరే లేచిపోతుంది, ఆ పని చేయకండి. ఆరనిచ్చి బిగిస్తే తెల్లారేసరికి ఆ కీ పక్కవాటిలాగే పలికింది. మూడో స్లైడర్ ముట్టుకోకుండానే 63, 64, 63, 64 అని పంపుతూ ఉండేది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఇరవైసార్లు పైకీ కిందికీ లాగితే అదీ కుదుటపడింది.

అసలు సంతోషం ప్రోగ్రామింగ్‌లో ఉంది. ఏదైనా మార్చేముందు లోపలున్న సెట్టింగులన్నీ సిస్ఎక్స్ డంప్‌గా (కీబోర్డు తన సెట్టింగులను ఒకేసారి పంపే పొడవైన మిడీ సందేశం) మిడీ-ఆక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో దాచుకున్నాను. (మరీ చౌక కేబుళ్లలో కొన్ని నోట్స్ బాగానే పంపి, పొడవైన సిస్ఎక్స్‌ను మధ్యలో తెంపేస్తాయి. డంప్ సరిగ్గా రాకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి.) మిడీలో ఒక్కో అదుపుకు ఒక్కో నంబర్ ఉంటుంది. తర్వాత మొదటి స్లైడర్‌కు 11 (శబ్దం పెంచి తగ్గించేది), రెండో దానికి 1 (మాడ్యులేషన్) నంబర్ ఇచ్చాను. కంప్యూటర్‌లోని వయొలిన్లు పాటతోపాటు ఎదగడం, తగ్గడం ఇప్పుడు నా రెండు వేళ్ల కింద ఉంది.

స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం దగ్గర ఎక్కువ రోజులు కూర్చున్నాను. మామూలుగా అది అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలే వంగుతుంది. మన పల్లె గొంతు ఒక స్వరం మీద కదలకుండా నిలబడదు, కింది నుంచి ఎక్కి వచ్చి పైకి జారుతుంది. దానికి రెండు చాలదు. మూడు బటన్లకు వరసగా మిడీ అదుపు నంబర్లు 101కి సున్నా, 100కి సున్నా, 6కి అయిదు అని పెట్టుకున్నాను. వరసగా నొక్కితే చక్రం అయిదు అర్ధస్వరాలు వంగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు ఈ మాట వినవు, వాటి లోపలే మార్చుకోవాలి. స్లైడర్‌కు 128 మెట్లే ఉంటే ఈ చక్రానికి 16,384 ఉంటాయి, అందుకే జారుడు నున్నగా వస్తుంది.

పాత మిడీ స్లో అని కుర్రాళ్లు నాతో వాదిస్తుంటారు. సెకనుకు 31,250 బిట్లు పోతాయి, ఒక నోట్‌కు దాదాపు ఒక మిల్లీసెకను. గాలిలో శబ్దం ఒక అడుగు దాటడానికి పట్టే సమయం అంతే. మీకు ఆలస్యం వినిపిస్తోందంటే ఎక్కువసార్లు కారణం ఆడియో బఫర్, అంటే శబ్దాన్ని బయటకు పంపేముందు కంప్యూటర్ కూడబెట్టుకునే ముక్క. దాన్ని 512 శాంపిళ్లు పెట్టుకుంటే సెకనుకు 44,100 శాంపిళ్ల రేటులో అదొక్కటే 11 మిల్లీసెకన్లు దాటుతుంది. బఫర్ తగ్గించి చూడండి, కీబోర్డు మార్చకండి.

పోయిన నెల దేవరకొండ నుంచి డిగ్రీ చదివే తమ్ముడొకడు వచ్చాడు. పాట బాగా కడతాడు. కీబోర్డు కోసం ఈఎంఐ పెడదామని టెన్షన్ పడుతున్నాడు. వాళ్ల మామ ఇంట్లో అటక మీద పాతదొకటి ఉందని మాటల్లో చెప్పాడు. "ఇప్పుడది పనిచేస్తదా అన్నా?" అని అడిగాడు. వెనక ఐదు పిన్నుల సాకెట్ ఉందేమో చూసి ఫొటో పంపమన్నాను. ఉంది. వచ్చే ఆదివారం తీసుకొస్తున్నాడు.

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఇలాంటిది ఉంటే మీరూ తీసుకురండి. డబ్బులు వద్దు, కలిసి విప్పి చూద్దాం. అడాప్టర్ ఉంటే అది కూడా వెంట తెచ్చుకోండి.