ఇచ్చట తుప్పు పట్టించబడును

నిరుడు ఎండాకాలం సెలవులు మొత్తం నేనొక బండికి తుప్పు పట్టించే పనిలో ఉన్నాను. అవే సెలవుల్లో మా ఎదురింటి అన్న తన బొలెరో పికప్పుకు తుప్పు వదిలించే పనిలో ఉన్నాడు. నల్లగొండలో ఒకే సందులో, ఎదురెదురు గేట్ల మధ్య, ఇద్దరమూ చెమటలు కక్కుతూ కష్టపడ్డాం. ఆయనకు పదహారు వేలయింది. నాకెంతయిందో ఇంట్లోనే చెప్పలేదు, ఇక్కడ చెప్తానా?

ఆయన బండి మీద టన్నున్నర బత్తాయిలు బాటసింగారం మార్కెట్‌కు పోతాయి. నా బండి మీద ఒక్క బత్తాయి పెడితే ఇరుసు విరుగుతుంది. తేడా అంతే.

ప్లాస్టిక్ స్కేల్ మోడల్ కిట్టు అంటే ఆటబొమ్మ కాదు. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే మా బామ్మర్ది మొదలు కొరియర్ పిలగాడి దాకా అందరూ "పిల్లలకా సారూ?" అనే అడుగుతారు. డబ్బా మీద ఎర్రగా తళతళలాడే 1970ల నాటి షెవర్లే పికప్పు బొమ్మ ఉంటుంది. లోపల అది ఉండదు. పాలిస్టైరీన్ కొమ్మలకు చింతకాయల్లా వేలాడే వంద పైచిలుకు ముక్కలుంటాయి. అన్నీ అసలు బండిలో 25వ వంతు. అంటే మీటరు కాస్తా 40 మిల్లీమీటర్లయి కూర్చుంటుంది, ఐదు మీటర్ల బండి జానెడవుతుంది. అమెరికా వాళ్ల కార్లు, పికప్పులు ఎక్కువగా 25వ వంతు, జపాను వాళ్లవి 24వ వంతు. ఈ ఒక్క అంకె తేడా మీద మాలో మాకు మాటల్లేని వాళ్లున్నారు. లెక్కల మాస్టారుగా నేను ఎటువైపో చెప్పక్కర్లేదు.

దీన్ని వ్యసనం అనే ముందు చరిత్ర చూడాలి. ఎయిర్‌ఫిక్స్ అనే ఇంగ్లండు కంపెనీ 1949లో చేసిన మొట్టమొదటి కిట్టు ఏమిటో తెలుసా? ఫెర్గూసన్ ట్రాక్టరు. యుద్ధ విమానమూ కాదు, రేసు కారూ కాదు. ట్రాక్టర్లమ్మే సేల్స్‌మెన్ రైతులకు చూపించడానికి చేయించుకున్న బొమ్మ అది. కాబట్టి ఈ కళను వ్యవసాయ అనుబంధ రంగంగా గుర్తించి, జిగురు మీదా ఎమరీ కాగితం మీదా సబ్సిడీ ఇవ్వాలన్నది నా మొదటి డిమాండు. ఇక జపాను తమియా కంపెనీ 1946లో కలప కోత మిల్లుగా మొదలైంది. మా దేవరకొండ రోడ్డులోనూ కోత మిల్లులున్నాయి. డెబ్బయి ఎనభై ఏళ్లయినా ఇంకా కలపే కోస్తున్నారు. మనవాళ్లు వెనకబడిందెక్కడో వెతకడానికి కమిటీలు అక్కర్లేదు.

కిట్టును ఉన్నదున్నట్టు అతికించి, రెండు రోజుల్లో షోకేసులో పెట్టుకునే వాళ్లూ ఉన్నారు. సుఖపడే జాతి. వాళ్ల గురించి ఈ వ్యాసంలో ఇంకేమీ లేదు.

మాది మెరుగులు దిద్దే సంప్రదాయం. అచ్చు రెండు పలకలు కలిసిన చోట వెంట్రుకవాసి గీత ఉంటుంది. ముక్కను అచ్చులోంచి బయటికి తోసే సూదులు గుండ్రటి మచ్చలు వదులుతాయి. దళసరిగా ఉన్న చోట ప్లాస్టిక్ చల్లారుతూ లోపలికి గుంజుకుని సొట్ట పడుతుంది. వీటన్నిటికీ లప్పం పెట్టి, 400 నంబరు నుంచి 2000 నంబరు దాకా వాటర్ పేపరుతో రుద్ది రుద్ది అద్దంలా చేయాలి. నాకు పన్నెండు రోజులు పట్టింది. పదమూడో రోజు సోల్డరింగ్ ఐరన్ వేడి చూపించి అదే తలుపు మీద సొట్ట పెట్టాను. ఇందులో వింతేమీ లేదు. ప్లాస్టిక్ తనంతట తాను పడిన సొట్ట తప్పు. నేను పెట్టిన సొట్ట కళ.

తర్వాత ఇంజను. కిట్టులో వీ8 ఇంజన్ ఇస్తారు గానీ ప్లగ్గుల వైర్లు ఇవ్వరు. అసలు బండిలో ఆ వైరు 7, 8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అందులో 25వ వంతంటే 0.3 మిల్లీమీటర్లు. ఆ మందం రాగి తీగె ఎక్కడ దొరుకుతుంది? బోర్లు కాలిపోయే జిల్లాలో దానికి కరువా? మోటరు వైండింగ్ షాపుకు పోయాను.

"ఎన్ని హెచ్‌పీ సారూ?"

"హెచ్‌పీ కాదు. షెవర్లే, వీ8."

"సబ్‌మెర్సిబులా?"

కాదన్నాను. ఎన్ని కిలోలు కావాలన్నాడు. మూరెడు చాలన్నాను. కొంతసేపు నా ముఖం చూసి, కాలిపోయిన మోటరులోంచి ఒక పోగు పీకి ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు. గురువుల మీద గౌరవమని అప్పుడనుకున్నాను.

డిస్ట్రిబ్యూటరు మూత నుంచి ఎనిమిది తీగెలు, కాయిల్ నుంచి ఒకటి. షెవర్లే చిన్న వీ8 ఫైరింగ్ ఆర్డర్, అంటే ఎనిమిది సిలిండర్లకు నిప్పు అందే వరస, 1-8-4-3-6-5-7-2. ఐదో ప్లగ్గుకు పోవాల్సిన తీగె ఏడుకు పోయిందని రాత్రి పదకొండింటికి గమనించి, మొత్తం పీకి మళ్లీ కట్టాను. ఆ ఇంజన్ ఎప్పటికీ స్టార్టు కాదు కదా అంటారు. అది నాకూ తెలుసు. స్టార్టు కాకపోవడం వేరు, స్టార్టయి మిస్‌ఫైర్ కొట్టడం వేరు. రెండోది పరువు తక్కువ.

ఇంత చేశాక చూస్తే బానెట్టుకూ బాడీకీ మధ్య గోరంత సందు వస్తోంది. స్కేలులో లెక్కేస్తే అసలు బండికి బెత్తెడు సందు అన్నట్టు. వేరే దారి లేక బానెట్టు మూసి అతికించేశాను.

"మరి లోపలి వైర్లు ఎవరికి కనిపిస్తయండీ?" అన్నది మా ఆవిడ.

ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లో చెప్పలేకపోయాను గానీ, పేపరు ముఖంగా చెప్తున్నాను. కనపడని చోట సరుకు తగ్గించడం మన దేశపు నిర్మాణ రంగంలో తరతరాల విద్య. పైపూత నున్నగా ఉంటే కింద ఇసుకెంతో సిమెంటెంతో ఎవరడిగారు? తారు మందం మొదటి వానకు గదా తేలేది. కనపడని చోట సరుకు పెంచి, దానికి బిల్లు పెట్టకుండా, పైగా ఎవరూ చూడకుండా మూత అతికించేసిన కాంట్రాక్టరును ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మీరెక్కడైనా చూశారా? చూడాలనుంటే రామగిరికి రండి. సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను.

వెనకటికి ఒకాయన ఉండేవాడులెండి. మా ఊరి పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా లింగం వెనక ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. పొద్దు కదిలినా నీడ కదలదు. అది ఏ స్తంభం నీడో చూసి చెప్పమంటే వచ్చినవాళ్లు తలా ఒక స్తంభం చూపిస్తారు. ఆ శిల్పి కూడా పని దాచిపెట్టి మూత వేసేసిన బాపతే. ఇదంతా ఎవరికి కనిపిస్తదయ్యా అని ఆయన్నూ ఇంట్లో అడిగే ఉంటారు.

అందుకే రోడ్లు, కల్వర్టుల నాణ్యత తనిఖీకి మా వాళ్లను పెట్టాలన్నది నా రెండో డిమాండు. ఒక్క చిక్కుంది. మేం ప్రతి కల్వర్టుకూ 2000 నంబరు కాగితం పట్టిస్తాం కాబట్టి పని ఎన్నటికీ పూర్తి కాదు. ఇప్పుడు నడుస్తున్న పద్ధతికి అది పెద్ద మార్పేమీ కాదనుకుంటాను.

అసలు గండం స్టీరింగు దగ్గర వచ్చింది. అమెరికా బండికి అది ఎడమ దిక్కుంటుంది. దాన్నట్లే ఉంచి గడియారం సెంటరులో ఆటోను ఓవర్‌టేక్ చేసేదెట్లా? డ్యాష్‌బోర్డును సన్న రంపంతో మూడు ముక్కలు కోసి, అటుదిటు ఇటుదటు పెట్టి అతికించాను. పెడళ్లు జరిపాను. వైపర్లు తుడిచే దిక్కు కూడా మారుతుందని రాత్రి పడుకున్నాక గుర్తొచ్చి, లేచి లైటేసి అవీ తిరగేశాను. పట్టకారులోంచి జారి ఎగిరిన ఒక సైడు మిర్రర్ కోసం ఇంటిల్లిపాదీ సెల్‌ఫోన్ లైట్లతో గచ్చంతా వెతికారు. అది దొరకలేదు. 2019లో పోయిన మా ఆవిడ చెవి కమ్మ బుగిడి దొరికింది. ఈ కళ వల్ల సంసారానికి లాభం లేదనే వాళ్లు ఇది రాసిపెట్టుకోవాలి.

రంగు వేసేది మే నెలలో. మా దగ్గర ఆ ఎండకు రంగు గన్నులోంచి బయల్దేరి బండిని చేరేలోపే గాలిలో ఆరుతుంది. పూత గరుగ్గా, గుంటలు గుంటలుగా దిగుతుంది. లోకమంతా దాన్ని నారింజ తొక్క అంటుంది. నల్లగొండలో దాన్ని బత్తాయి తొక్క అనాలని నా మూడో డిమాండు. దుమ్ము లేస్తుందని ఫ్యాను బంద్ చేయించాను. మూడు రోజులు. ఆ మూడు రోజుల మాటలు ఇక్కడ రాసేవి కావు.

బండిని తెల్లగా చేశాక నంబరు ప్లేటు సమస్య. 2024 మార్చిలో రాష్ట్రం కోడు టీఎస్ నుంచి టీజీకి మారింది. టీజీ 05 ప్లేటు పెట్టి, ఇంత తుప్పు పట్టిస్తే చరిత్ర ఒప్పుకోదు. టీఎస్ 05 వేశాను. మా నాయన కళ్లద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "డీసీఎం మంచిగున్నది బిడ్డా" అన్నాడు. కోపం రాలేదు. మా దిక్కు వెనక డాల ఉన్న ప్రతిదీ డీసీఎమ్మే. టొయోటాతో కలిసి డీసీఎం వాళ్లు 1980లలో తెచ్చిన బండి అది. తర్వాత డేవూ వచ్చింది, డేవూ కూడా పోయింది. పెళ్లికి మందిని తీసుకపోవాలంటే మాత్రం మనకిప్పటికీ డీసీఎమ్మే మాట్లాడాలి.

ఇక తుప్పు. ముందు ముదురు గోధుమ రంగు వేయాలి. దాని మీద హెయిర్‌స్ప్రే, దాని మీద తెలుపు. ఆరాక తడి కుంచెతో రుద్దితే కింద హెయిర్‌స్ప్రే కరిగి, పై రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి తుప్పు బయటపడుతుంది. హెయిర్‌స్ప్రే మా బిడ్డ ఫంక్షన్ల కోసం దాచుకున్నది. దుమ్ముకు మా పొలంలో చెల్క మట్టి తెచ్చి ధోవతి గుడ్డలో మూడుసార్లు జల్లించాను. ఎందుకంత శ్రద్ధంటే, 25వ వంతు లోకంలో మిల్లీమీటరు ఇసుక రేణువు అంగుళం కంకర రాయి.

తుప్పు ఎక్కడ పడితే అక్కడ పట్టదు. దానికీ పద్ధతుంది, నమూనా కావాలి. ఎదురింటి అన్న బండి షెడ్డుకు పోకముందే తెల్లారగట్ల లేచి, దుమ్ముకు మూతికి కర్చీపు కట్టుకుని, బండి కింద దూరి వెర్నియర్ కాలిపర్‌తో సొట్టలు కొలిచాను. సెల్‌ఫోనుతో ఫోటోలు తీశాను. నంబరు ప్లేటు ఫోటో తీస్తుండగా వదిన చూసి, ఫైనాన్సోళ్లు వచ్చిండ్రని కేకేసింది. అన్న లుంగీ మీదనే బండెక్కి చెరువు కట్ట దాకా పోయి, గంట తర్వాత గానీ తిరిగి రాలేదు. రెండు కిస్తీలు బాకీ ఉన్న సంగతి అట్లా సందు మొత్తానికి తెలిసింది. అందుకు నేను బాధ్యుణ్ణి కాను.

సెలవులు ముగిసే ముందు రోజు ఆయన బండి డెంటింగ్ షెడ్డు నుంచి వచ్చింది. పెళ్లికొడుకులా ఉంది. నా నమూనా మొత్తం లప్పం కింద కలిసిపోయింది. కొబ్బరి ముక్కలు ఇయ్యడానికి ఇంటికొచ్చిన అన్న, టేబుల్ మీద నా బండి చూసి కూర్చున్నాడు.

"సారూ, గీ సొట్ట చిట్యాల కాడ బర్రె తాకినప్పటిది."

"అవునా?"

"డాల మీది గీత లోడింగు పిలగాడు గడ్డపారతోటి గీకిండు. వాడిప్పుడు పుణెల ఉన్నడు." వేలితో మెల్లగా తడిమాడు. "మూతి ఏందో వేరే బండిదున్నది గని, మిగిలిందంత నా బండే. గని సారూ, లైటు పక్క సొట్ట కుడి దిక్కుండాలె."

ఫోను ముందు కెమెరాతో తీసిన ఫోటో అది. ఎడమ కుడైంది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

అడిగితే ఇచ్చేశాను. తప్పు సొట్టతో ఉన్న బండిని కళ్ల ముందు పెట్టుకోలేను కూడా. అన్న దాన్ని తన డ్యాష్‌బోర్డు మీద యాదగిరి నరసన్న ఫోటో పక్కన నిలిపి, నల్ల దారం చుట్టి, నిమ్మకాయ కట్టాడు.

తెల్లారి బత్తాయి లోడుతో ఆ బండి మా గేటు ముందు నుంచి పోతుంటే అద్దంలోంచి చూసి ఆగిపోయాను. నా బండి ఆయన బండికి నకలు. ఆయన డ్యాష్‌బోర్డు మీద ఒక పికప్పు ఉంది. నా దాని డ్యాష్‌బోర్డు మీద లేదు. ఇంత పెద్ద తప్పు సందు మధ్యలో తిరుగుతోంది.

రెండు రోజుల కోసమని బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాను. ముందద్దం పీకేశాను. 20 సెంటీమీటర్లలో 25వ వంతు 8 మిల్లీమీటర్లు. చెక్కడం అయింది, తెల్ల రంగు పడింది, సొట్ట ఈసారి కుడి దిక్కే పెట్టాను. వైపర్లు పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. అది తేలినా, ఆ 8 మిల్లీమీటర్ల బండికీ ఒక డ్యాష్‌బోర్డు ఉంటుంది గదా. దాని మీద నిలపాల్సిన పికప్పు లెక్కకు 0.32 మిల్లీమీటర్లు వస్తోంది. వైండింగ్ షాపు తీగె మందం ఇంచుమించు అంతే. మూరెడు తెచ్చింది మొత్తం ఇంజనుకే అయిపోయింది. పొద్దున షాపు తెరవంగనే పోవాలి.