సాహిత్యానికి భాష పరాయిదా?

ఇంగ్లండ్‌లో పదహారేళ్లకు సిక్స్త్ ఫారంలో చేరే విద్యార్థికి మన ఇంటర్మీడియట్‌లో లాగా ఎంపీసీ, బైపీసీ గ్రూపులు ఉండవు. సాధారణంగా మూడు సబ్జెక్టులు ఎంచుకుని, రెండేళ్లు వాటినే చదివి ‘ఏ లెవెల్’ (A level) పరీక్షలు రాస్తారు. అందులో ఇంగ్లిష్ తీసుకోవాలనుకుంటే మళ్లీ మూడు దారులు: సాహిత్యం, భాష, రెండూ కలిసిన ఉమ్మడి కోర్సు. ఈ మూడోది అటు పూర్తి సాహిత్యమూ కాదు, ఇటు పూర్తి భాషాశాస్త్రమూ కాదన్న చిన్నచూపు చాలాకాలంగా ఉంది. ఆ చిన్నచూపు తగదనే నా అభిప్రాయం.

2015 సెప్టెంబరులో మొదలైన కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం సాహిత్యం కోర్సులో కనీసం ఎనిమిది రచనలు చదవాలి. వాటిలో మూడు 1900కు ముందువి కావాలి, షేక్‌స్పియర్ నాటకం ఒకటి తప్పనిసరి. ఉమ్మడి కోర్సుకు కనీసం ఆరు చాలు. ఈ లెక్క చూసి అది తేలికని తేల్చేవారు, ఆ ఆరింటిని ఏ పనిముట్లతో చదవమంటున్నారో పట్టించుకోరు.

షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ మూడో అంకం మూడో రంగాన్నే చూడండి. భార్యకు కాసియో అనే అనుచరుడితో సంబంధం ఉందని సేనాని ఒథెల్లోను నమ్మించాలని అతని కింది అధికారి ఇయాగో పన్నాగం. కాసియో నిజాయితీపరుడు కాడా అని ఒథెల్లో అడిగితే, ఇయాగో జవాబు చెప్పడు, ‘నిజాయితీపరుడా, ప్రభూ?’ అని ఆ మాటనే తిరిగి అప్పగిస్తాడు. నువ్వేమనుకుంటున్నావంటే, ‘అనుకోవడమా, ప్రభూ?’ అంటాడు. సాహిత్యం తరగతిలో ఇక్కడ అసూయ గురించీ, నాయకుడి పతనం గురించీ చర్చ సాగుతుంది, సాగాలి కూడా. అయితే ఒక్క నింద కూడా మోపకుండా ఇయాగో అనుమానాన్ని ఎలా నాటగలిగాడన్న ప్రశ్నకు సమాధానం సంభాషణ నిర్మాణంలో ఉంది. అడిగినదానికి తగినంత చెప్పాలన్నది మాటల్లో మనం పాటించే అలిఖిత నియమం. దాన్ని ఒకడు పనిగట్టుకుని ఉల్లంఘిస్తే, వాడేదో దాస్తున్నాడని వినేవాడే ఊహించుకుంటాడు. వీడు నా మాటనే ప్రతిధ్వనిస్తున్నాడని ఒథెల్లో గుర్తించి కూడా ఆ ఉచ్చులోకే నడుస్తాడు. తత్వవేత్త పాల్ గ్రైస్ వివరించిన ఈ సూత్రం తెలిసిన పదిహేడేళ్ల విద్యార్థి, పాత్ర కుటిలుడని చెప్పి ఊరుకోకుండా, ఆ కుటిలత్వం ఏ వాక్యంలో ఎలా పనిచేసిందో చూపించగలడు.

2022లో ఇంగ్లిష్ సాహిత్యం ఎక్కువమంది రాసే పది ఏ లెవెల్ సబ్జెక్టుల జాబితా నుంచి మొదటిసారి జారిపోయినప్పుడు, చాలామంది తప్పును గణితం, సైన్సుల మోజు మీదికి నెట్టారు. అందులో నిజం లేకపోలేదు. కానీ అంతకుముందే, పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈ పరీక్షల దశలో, ఇచ్చిన పేరాలో ఉపమానాలు ఏరి పేర్లు పెట్టి మార్కులు తెచ్చుకోవడమే భాషాధ్యయనం అన్నట్టు తయారైతే, అక్కడ విసిగిన పిల్లలు మరో రెండేళ్లు అదే కావాలని ఎందుకు కోరుకుంటారు? పేరు పెట్టడం వేరు, పనితీరు చూపడం వేరు.

తెలుగువారికి ఈ భాషా సాహిత్యాల విడాకులు కొంత వింతగానే తోచాలి. ‘నీతిచంద్రిక’ రాసిన చిన్నయసూరే 1858లో ‘బాలవ్యాకరణం’ వెలువరించారు. (మన విద్యాలయాల్లోనూ ఆ రెండు పుస్తకాలు తర్వాత వేర్వేరు పీరియడ్లకు చేరాయనుకోండి.) బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల సంగతి మరింత ఆసక్తికరం. ఇంట్లో తాతగారితో ‘మీరు’, అమ్మతో ‘నువ్వు’ అంటూ, వాక్యం మధ్యలో ఇంగ్లిష్‌లోకి మారి మళ్లీ తెలుగు క్రియతో ముగించే పిల్లలకు, ఎవరితో ఏ మాట ఎందుకు మారుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్ భాష ‘ఏ లెవెల్’ కోర్సులో విద్యార్థి తానే సమాచారం సేకరించి చేసే పరిశోధనకు భోజనాల బల్ల దగ్గరి ఆ సంభాషణే ముడిసరుకు కాగలదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ డిగ్రీకి ఉమ్మడి కోర్సు చదివినవారూ అర్హులే గనుక, దారి మూసుకుపోతుందన్న భయమూ అక్కర్లేదు.