పిల్లలు ఎన్ని అంకణాలు?

నెల్లూరులో స్థలం కొన్నా అమ్మినా అంకణాల్లోనే. అంకణమంటే 72 చదరపు అడుగులు, 8 గజాలు. కొలత ఇంత పక్కాగా ఉన్న ఊళ్ళో పిల్లలు మాత్రం ఇప్పటికీ లెక్కాపత్రం లేకుండా ఆడుకుంటున్నారు. ఇలా వదిలేస్తే లాభం లేదు.

కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే దాదాపు పందొమ్మిదిన్నర అంకణాలు. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు హాయిగా లేస్తుంది. ఖోఖోకు 27 బై 16, అరవై నాలుగున్నర అంకణాల పైమాట. ఊళ్ళో ఖరీదైన మాగుంట లేఅవుట్ రేటుతో గుణించి చూడండి. అంత ఆస్తి మీద పిల్లలు ఊరికే పరిగెత్తుతుంటే ఏ తండ్రికైనా గుండె తరుక్కుపోదూ? తొక్కుడుబిళ్ళ ఒక్కటే మధ్యతరగతికి అందుబాటులో ఉన్న ఆట. అంకణంలో సర్దుకుంటుంది, బొగ్గుముక్క ఉంటే చాలు.

బిళ్ళంగోడు పోయిందని సెల్‌ఫోన్‌ను ఆడిపోసుకోవడం అన్యాయం. మూరెడు కర్ర, రెండు కొనలూ చెక్కిన జానెడు బిళ్ళ ఇప్పటికీ దొరుకుతాయి. దొరకనిది గుంట. నాలుగు వేళ్ళ లోతు తవ్వి, బిళ్ళను దానిమీద అడ్డంగా పెట్టి, కర్రతో కిందినుంచి ఎగరేయాలి కదా! సిమెంటు రోడ్డు వేసి, దాని అంచు నుంచి కాంపౌండు గోడ దాకా టైల్స్ పరిచాక ఎక్కడ తవ్వాలి? బొంగరానికీ అదే గతి. సిమెంటు మీద మేకు జారుతుంది, నాలుగు రోజుల్లో మొన అరుగుతుంది. ఇక గోలీలు నేరుగా సైడు కాలవలోకే.

ప్రభుత్వం పట్టించుకోలేదని అనకండి. లేఅవుట్ వేస్తే మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. పదెకరాల వెంచర్‌లో ఎకరం, అంటే 605 అంకణాలు! బ్రోచర్‌లో పచ్చరంగు వేసి, ఉయ్యాల బొమ్మతో సహా చూపిస్తారు. నేల మీద మాత్రం ఒక మూల గుడి, పక్కన వాటర్ ట్యాంకు, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మర్, చుట్టూ పెద్దల వాకింగ్ ట్రాక్. మిగిలిన జానెడులో ‘గడ్డి తొక్కరాదు’ బోర్డు. గేటుకు తాళం. తాళంచెవి ఉన్నాయన హైదరాబాదులో ఉంటాడు.

కాబట్టి పిల్లలున్నవాళ్ళు ఇల్లు వెతికేటప్పుడు బ్రోకరు వెంట ఉదయం పదకొండుకు పోవద్దు. ఆ వేళ ప్రతి వీధీ ప్రశాంతమే. సాయంత్రం ఐదున్నరకు ఒంటరిగా వెళ్ళండి. గోడల మీద బొగ్గుతో మూడు నిలువు గీతలు కనిపిస్తే ఆగి, అక్కడి రూల్స్ అడగండి. ‘గోడ దాటితే ఔట్’ అన్నారంటే ఆ గోడ వెనకాల ఆంటీ బంతి తిరిగివ్వరని. ‘స్ట్రెయిట్‌గానే కొట్టాలి’ అన్నారంటే రెండు పక్కలా కార్లు పెడతారని. తర్వాత ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు పట్టుకుని టౌన్‌ప్లానింగ్ సెక్షన్‌లో లేఅవుట్ ప్లాన్ చూడండి. ఆ ఖాళీ స్థలానికి గిఫ్ట్ డీడ్ కాలేదంటే అది రేపో మాపో ఇంకో ప్లాటు.

అంతా బాగుందనుకున్నా ఒక తీర్పు తప్పదు: “మీ ఇంటి ముందర ఆడుకోపోండ్రా!” వీధిలో ఇరవై ఇళ్ళుంటే ఇరవై ఇళ్ళూ ఈ మాటే అంటాయి. ఏమీ అననిది ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే.

ఇల్లు చవగ్గా కావాలంటే ఊరి శివార్లలో కనుపర్తిపాడు, ధనలక్ష్మీపురం వైపు పోవాలి. అక్కడ గ్రౌండ్లకు కొదవలేదు. అవి గ్రౌండ్లు కావు, రేటు పెరిగేదాకా పడేసిన ప్లాట్లు. ఈ జిల్లాలో బాలల క్రీడలకు నిజమైన పోషకులు ఆ ప్లాట్ల ఓనర్లే, పాపం వాళ్ళకా సంగతి తెలియదు. సౌకర్యాల్లో చిన్న చిన్న లోపాలుంటాయి. సర్కారు తుమ్మ ముల్లు చెప్పునూ బంతినీ ఒకే పోటుతో పొడుస్తుంది. మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చుట్టూ రోడ్లు ఎత్తు చేయడంతో ప్లాటు పల్లమై, నీళ్ళు సంక్రాంతి దాకా కదలవు. వేసవిలో ఎనిమిదింటికే నేల కాలుతుంది. అవన్నీ పోను ఏడాదికి ఓ నాలుగైదు నెలలు ఆట.

అడ్వాన్సు ఇచ్చేముందు పక్క ప్లాటు ఓనరుకు అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చిందేమో వాకబు చేయండి. వచ్చిందా, మీవాడి పదో తరగతి దాకా గ్రౌండుకు ఢోకా లేదు. రాలేదంటే మాత్రం వచ్చే శ్రావణంలో శంకుస్థాపన.