పింగ్యావ్‌లో జనం ఎక్కువా, ఊరివాళ్లు తక్కువా?

అక్టోబరు మొదటి వారంలో చైనాలో జాతీయ దినోత్సవ సెలవులు. అప్పుడు షాన్షీ రాష్ట్రంలోని పింగ్యావ్ పాత ఊరికి వెళ్తే ఇసుక వేస్తే రాలనంత జనం. దక్షిణ వీధిలో జెండా ఎత్తి పట్టుకున్న గైడు, ఆయన వెనకే తోసుకుంటూ టూరు బృందం. అద్దెకు తెచ్చుకున్న పాతకాలపు దుస్తుల్లో ఫొటోలు దిగే అమ్మాయిలు దారికి అడ్డం. వాళ్ల వెనక హారన్ కొడుతూ బ్యాటరీ బండి.

ఇంత రద్దీ ఏమిటని విసుక్కునేవాళ్లను తప్పుపట్టలేం. కానీ ఊరు చిన్నది కాబట్టే ఈ రద్దీ అంటే ఒప్పుకోలేం. 1370లో మింగ్ చక్రవర్తుల కాలంలో కట్టిన గోడ చుట్టుకొలతే ఆరు కిలోమీటర్ల పైమాట. అందులో జనం కిక్కిరిసేది రెండు మూడు వీధుల్లోనే. లోపలికి రావడానికి టికెట్ అక్కర్లేదు. గోడ ఎక్కాలన్నా, పాత సర్కారు కచేరీ, పాత బ్యాంకు చూడాలన్నా మాత్రం టికెట్ కొనాలి. దాంతో అందరూ అవే చోట్లకు, అదే వరసలో తిరుగుతారు. 2014లో హైస్పీడ్ రైలు వచ్చాక పొద్దున దిగి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లకూ వీలు చిక్కింది.

ఆ పాత బ్యాంకు పేరు రిషెంగ్‌చాంగ్. రంగుల దుకాణంగా మొదలై, 1823లో హుండీల వ్యాపారంలోకి దిగింది. ఇక్కడ వెండి కట్టి చీటీ తీసుకుంటే దూరపు ఊళ్లోని శాఖలో సొమ్ము చేతికొచ్చేది, మార్వాడీ వ్యాపారుల హుండీ పద్ధతిలాగే. దొంగ చీటీలు రాకుండా వీళ్లు వేసిన ఎత్తు ముచ్చటగా ఉంటుంది. చీటీ మీద నెల పేరుకు బదులు రాయడానికి పన్నెండు నెలలకు పన్నెండు చైనా అక్షరాలు పెట్టుకున్నారు. ఆ లిపిలో ఒక్కో అక్షరం ఒక్కో మాట. వాటిని వరసగా చదివితే ‘దొంగ చీటీలతో జాగ్రత్త, రాతా ముద్రా సరిగ్గా చూడటం మరవొద్దు’ అని అర్థం వస్తుంది. గుమస్తా బట్టీపట్టాల్సిన కోడ్‌లోనే అతనికి హెచ్చరిక కూడా ఇమిడిపోయింది. సెలవుల్లో ఆ ఇరుకు వాకిట్లో నిలబడి ఇది తీరిగ్గా చూసే వీలుండదు, వెనకవాళ్లు నెట్టేస్తారు. బ్యాంకు ముందు క్యూ కట్టడం మనకు కొత్త కాదు గానీ, 1914లోనే దివాలా తీసిన బ్యాంకు కోసం క్యూ కట్టడం ఇక్కడే!

బ్యాంకులు పోయాక ఊరు చితికిపోయింది. ఆ పేదరికమే దాన్ని కాపాడింది. పక్కా భవనాలు కట్టే డబ్బుంటే ఈ మట్టి ఇటుకల వాకిళ్లు ఎప్పుడో పోయేవి. 1980ల మొదట్లో రోడ్ల వెడల్పు కోసం పాత ఊరిని కూల్చబోతే, షాంఘైలోని టోంగ్జి విశ్వవిద్యాలయం ఆచార్యుడు రువాన్ యీసాన్ అడ్డుపడి ఆపించారు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

అసలు చిక్కు ఆ తర్వాతే వచ్చింది. లోపల జనం మరీ ఎక్కువయ్యారని ప్రభుత్వ ఆఫీసులను గోడ బయటికి పంపారు. వాటితోపాటు వేలమంది స్థానికులూ కదిలారు. అలా ఖాళీ అయిన చోట హోటళ్లు, వెనిగర్ కొట్లు, బీఫ్ ప్యాకెట్ల షాపులు వచ్చాయి. కాపురం ఉండేవాళ్లను తగ్గించి చూడవచ్చేవాళ్లను నింపితే ఆ లెక్కకు రద్దీ తగ్గినట్టా? ఇంట్లో మనిషి ఉంటే కారే కప్పు మీద పెంకు సర్దుకుంటాడు. సీజన్‌కు అద్దెకు తీసుకున్నవాడికి ఆ అవసరం ఏముంది?

పోనీ ఊరి గుమ్మం దగ్గరే టికెట్ పెడితే? హునాన్ రాష్ట్రంలోని ఫెంగ్‌హువాంగ్‌లో 2013లో అదీ చేసి చూశారు. మనిషికి 148 యువాన్లు. వ్యాపారం పోతుందని కొట్లవాళ్లు షాపులు మూసి వీధికెక్కారు. 2016లో ఎత్తేశారు.

నన్నడిగితే టికెట్ కన్నా లాడ్జీల లైసెన్సులకు పరిమితి పెట్టడం మేలు. ఉన్న కాపురాలకు మరమ్మతు ఖర్చు ఇవ్వడం ఇంకా మేలు. 2021 అక్టోబరు వానలకు గోడలో సుమారు 25 మీటర్ల భాగం కూలింది. లోపల అంతా ఇటుక కాదు, దిమ్మిస కొట్టిన మట్టే. దానికి ఏడాది పొడవునా కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. జాతీయ సెలవులు వదిలేయండి. రాత్రి లోపలే బస చేసి, తెల్లారి ఏడింటికల్లా పెద్ద వీధులు దాటి పక్క సందుల్లోకి వెళ్లండి. కాపురాలు ఇంకా మిగిలి ఉన్నది అక్కడే.