ఒక్క మానిటర్‌తో సరిపెట్టుకునేవాళ్ళు

ఒక్క మానిటర్ ముందు కూర్చుని, పని ముగించుకుని, టైముకి లేచి వెళ్ళిపోయే మనుషులంటే నాకు మొదటినుంచీ అనుమానమే. వీళ్ళు పనిని సీరియస్‌గా తీసుకోరు. తీసుకునేవాడికి కనీసం నాలుగు తెరలుండాలి. వాటిని నడపడానికి, అంటే తెరలకి బొమ్మలు పంపడానికి, రెండు గ్రాఫిక్స్ కార్డులుండాలి. ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి పడకూడదు.

ఇదేదో ఈ తరం పిచ్చి అనుకోవద్దు. 1981 నాటి ఐబీఎం పీసీలోనే ఉత్త అక్షరాలకొక కార్డు, రంగులకొక కార్డు పెట్టి రెండు మానిటర్లు నడపొచ్చు. రెండింటి మెమరీ అడ్రసులూ వేరు కాబట్టి గొడవ లేదు. విండోస్ 98 తొమ్మిది తెరల దాకా సరేనంది. తర్వాత వచ్చిన విండోస్ విస్టా మాత్రం ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంది: కార్డులెన్నైనా పెట్టుకో, కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, అన్నింటికీ ఒక్కటే ఉండాలి. 2009లో విండోస్ 7 ఆ షరతు సడలించింది. ఆనాటినుంచి రెండు కంపెనీల డ్రైవర్లు ఒకే డబ్బాలో ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు కాపురం చేసే స్వేచ్ఛ మనకుంది.

కార్డు గుచ్చగానే పండగ కాదు. చాలా మదర్‌బోర్డుల్లో కొత్త కార్డు రాగానే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ అలిగి పడుకుంటుంది. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి, వెళ్ళి లేపాలి. ఆ బయోస్ ఏ తెర మీద కనిపిస్తుంది? కోడ్ చదవడానికని నిలువుగా తిప్పిపెట్టిన తెర మీద. మెడ పక్కకి వంచి, కింది బాణం నొక్కితే అక్షరాలు పక్కకి జరుగుతున్నాయేమిటా అనుకుంటూ మార్చుకోవాలి. విండోస్ బదులు లినక్స్ వాడేవాళ్ళ భక్తి ఇంకా గొప్పది. కార్డు మదర్‌బోర్డులో ఏ బస్సు (డేటా దారి) మీదుందో కమాండ్ హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో చెబుతుంది, తెరల సెట్టింగ్స్ రాసుకునే ఎక్సార్గ్ ఫైలు దాన్నే మామూలు అంకెల్లో అడుగుతుంది. చూసింది చూసినట్టు దింపినవాడికి నల్లతెర ప్రసాదం.

ఇక అమరిక. సెట్టింగ్స్‌లో 'ఐడెంటిఫై' నొక్కితే తెరల మీద పెద్ద పెద్ద అంకెలొస్తాయి: ఎడమనుంచి 3, 1, 4, 2. ఫుల్ హెచ్‌డీ తెర ఎత్తు 1080 పిక్సెళ్ళు, పక్కన ఫోర్‌కే తెరది 2160. అంటే పెద్దదాని అంచులో సగం గోడే. మౌస్ వెళ్ళి తలబాదుకుంటుంది. దారి ఎక్కడుందో చేతికి అలవాటవ్వాలి. ఇదీ నైపుణ్యమంటే.

ఒకే కార్డుకి ఆరు తెరలు తగిలించొచ్చని 2009లోనే గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఏఎమ్‌డీ చూపించింది కదా అని కొందరు లాజిక్ తీస్తారు. అలాంటివాళ్ళతో నేను వాదించను. అంత సుళువుగా అయిపోతే సాయంత్రాలు ఏం చేసుకోవాలి?

ఇంతకీ నాలుగు తెరల మీద ఏముంటుంది? ఒకదాని మీద పని. రెండోదాని మీద, ఆ పని ఎప్పుడవుతుందని అడిగేవాళ్ళ చాట్. మూడోదాని మీద రెండు కార్డుల వేడి చూపించే గ్రాఫులు. నాలుగోది ఇప్పుడే నిద్రలేచింది, పైగా తన విండోలన్నీ ఒకటో నంబరుకి అప్పగించేసింది. వాటిని వెనక్కి పంచే పనిలో ఉన్నాను. ఈ పంపకాల కోసం ప్రత్యేకంగా ఇంకో తెర ఉండాలి. కార్డుల్లో పోర్టులు నిండిపోయాయి గానీ కార్డు గుచ్చే స్లాట్ ఒకటి ఖాళీగానే ఉంది. స్లాటే 75 వాట్ల దాకా ఇస్తుంది కాబట్టి, చిన్న కార్డయితే వేరే పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు.